సార్ పేరు మీద అర్చన

పెనుకొండ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో నాకొక చెడ్డ అలవాటు ఉండేది. నా పక్కన కూర్చునే పిల్ల బడికి రాకపోతే, హాజరు పిలిచేటప్పుడు దాని పేరుకు కూడా నేనే గొంతు మార్చి 'ప్రెజెంట్ సార్' అనేదాన్ని. చాలామంది సార్లు రిజిస్టర్లోంచి తల ఎత్తేవాళ్ళు కాదు కాబట్టి సాగిపోయేది. తెలుగు సార్ దగ్గర మాత్రం మొదటి రోజే దొరికిపోయాను. ఆయన కొట్టలేదు, బెంచీ ఎక్కించలేదు. "ఆ పిల్ల యాడికి పోయిందో రేపొచ్చి అదే చెప్తుంది. నీ పేరుకు నువ్వు పలుకు, చాలు" అన్నారు. అక్కడితో వదిలిపెట్టారా అంటే అదీ లేదు. ఆ తర్వాత నలభై ఏళ్ళూ నన్ను 'హాజరు దొంగ' అనే పిలిచారు. నా పెళ్ళిలో కూడా అక్షింతలు వేస్తూ అదే మాట అన్నారు.

నన్ను హిందూపురం ఇచ్చారు. మా అత్తవారిది బజారులో నోటుబుక్కులు, పెన్నులు అమ్మే అంగడి. మామగారు పోయి, మా ఇంటాయనకు మోకాళ్ళు పట్టేశాక అది నా చేతికొచ్చింది. సార్‌ది నల్లమాడ దగ్గర పల్లె, శనక్కాయ పండించే రైతుల ఇల్లు. ఉద్యోగం అయిపోయాక ధర్మవరంలో స్థిరపడి, చిన్న పత్రికలకు వ్యాసాలు రాస్తూ ఉండేవారు. రెండు నెలలకోసారి రైలెక్కి వచ్చి నా అంగట్లో గీతల్లేని లాంగ్ నోటుబుక్కులు నాలుగు కొనుక్కునేవారు. "ధర్మవరంలో నోటుబుక్కులు లేవా సార్, ఇంత దూరం వస్తారు?" అని అడిగితే, "నోటుబుక్కులు ఉండాయి, హాజరు దొంగలు లేరు" అనేవారు.

ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు. నాకుంది. పొద్దున షట్టర్ ఎత్తగానే సాంబ్రాణి వెయ్యకుండా నేను మొదటి బేరం చెయ్యను. ఆయన ఆ సమయానికి వస్తే గడప బయటే నిలబడి, "కానీ కానీ, మీ స్వామిని తొందరపెట్టొద్దు. ఆయనతో నాకు తగాదా లేదు, పరిచయమే లేదు" అనేవారు. ఇన్నేళ్ళలో మా ఇద్దరికీ దాని మీద ఒక్క మాట పెరగలేదు.

ఆ మధ్య వానల్లేక వరసగా శనక్కాయ పంట పోయింది. పెనుకొండలో పెద్దమనుషులు కలిసి వాన కోసం యాగం చేయించారు, డబ్బాలకు డబ్బాలు నెయ్యి పోశారు. సార్ దాని మీద నాలుగు పేజీల వ్యాసం రాసి, పెనుకొండలోనే ఒక చిన్న సభలో చదివారు. వినడానికి వచ్చినవాళ్ళతో రెండు వరసలు కూడా నిండలేదు. నేను మొదటి వరసలో ఉన్నాను. అందులో ఒక మాట ఇప్పటికీ నాకు నోటికి వచ్చు. 'పొగకు కరిగే దేవుడు నాకు వద్దు. మనవడి సంగటిలో చెంచాడు నెయ్యి వేసే అవ్వ చాలు నాకు.' ఆ మాటకు నేను చప్పట్లు కొట్టాను. ఇంటికి పోయి దీపం కూడా పెట్టుకున్నాను. నాకేమీ ఇబ్బంది అనిపించలేదు.

ఎవరో దాన్ని వీడియో తీసి ఫోన్లలో తిప్పారు. పది రోజులకు సార్ మీద మత మనోభావాలు దెబ్బతీశారని కేసు పడింది. ఫిర్యాదు ఇచ్చినవాడు పరాయివాడైతే నాకు ఈ కథ చెప్పుకునే అవసరమే ఉండేది కాదు. ఇచ్చింది మా పెదనాన్న కొడుకు. మా తాత పెట్టిన కిరాణా అంగడిని పెనుకొండలో ఇప్పటికీ నడిపేది ఆయనే. నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పిన అన్న.

అన్నకు వచ్చింది పిచ్చి కోపం కాదు. యాగానికి మొదటి డబ్బా నెయ్యి ఇచ్చింది వాళ్ళమ్మ, మా పెద్దమ్మ. పోయిన పెదనాన్న పేరు మీద ఇచ్చింది. ఆ వీడియో విని రెండు రోజులు అన్నం ముట్టలేదట. ఆ బాధ అబద్ధమని నేను ఎన్నడూ అనలేదు. పెద్దమ్మ పిలిచి తిట్టి ఉంటే సార్ ఆమె ఎదురుగా కూర్చుని తిట్లన్నీ తినేవారు, చివరికి కాఫీ కూడా తాగి వచ్చేవారు. లేదా అన్న ఇంకో నాలుగు పేజీలు రాసి సార్ రాతను చీల్చి చెండాడి ఉన్నా నాకు బాధ లేదు. మనిషి రాసినదానికి పోలీసులను పిలవడమే నాకు మింగుడుపడలేదు.

అప్పటినుంచి నెలకోసారి పెనుకొండ కోర్టులో వాయిదా. ఆయన ధర్మవరం నుంచి, నేను హిందూపురం నుంచి వచ్చేవాళ్ళం. లోపల బంట్రోతు కేసుల పేర్లు పిలుస్తుంటే ఆయన వసారాలో రాతి అరుగు మీద బడిపిల్లాడిలా నిటారుగా కూర్చునేవారు. తన పేరు వినపడగానే లేచి, "ఉండానప్పా!" అని ఎలుగెత్తి పలికేవారు. చెయ్యెత్తితే చాలు కదా అని లాయరు అంటే, "నన్ను పేరు పెట్టి పిలిస్తే నోటితో పలకాల కదప్పా" అన్నారు. 

ఊరికే వచ్చి కూర్చుంటే ఏం లాభమని నేనొక విన్నపం రాశాను. రాతకు రాతతో బదులివ్వండి, కేసులతో కాదు, మతాన్ని ప్రశ్నించినంత మాత్రాన రచయితను నేరస్థుణ్ణి చెయ్యొద్దు, అని అంతే. నా అంగట్లోని లాంగ్ నోటుబుక్కే తీసుకుని మొదటి పేజీలో అంటించి, సంతకాలకు బయల్దేరాను. హిందూపురం బజారులో నన్ను చూసి షట్టర్ దించినవాళ్ళున్నారు. "ఏమ్మా, నిత్యం పూజ చేసుకునేదానివి, నీకేంటికి ఈ పని?" అన్నవాళ్ళున్నారు. గుడి ముందు టెంకాయలమ్మే ఆమె మాత్రం చదివించుకుని విని, "నేను దేవుణ్ణి నమ్ముకునే బతుకుతాండా. ఆయప్ప నమ్మడంట. నమ్మకపోతే జైల్లో ఏస్తారా?" అని వేలిముద్ర వేసింది. ధర్మవరంలో మగ్గం నేసే ఒకాయన చేతికి అంటిన ఎర్రరంగుతోనే సంతకం పెట్టి, ఆ పేజీ పాడైందని తెగ నొచ్చుకున్నాడు. మూడు నెలల్లో రెండు నోటుబుక్కులు నిండాయి. వాటిని కలెక్టరు దగ్గరికి తీసుకుపోవాలని మా ఆలోచన.

ఆ సంబరంలో ఉండగానే సార్ భార్య ఫోన్ చేసింది. నేను ఆమెను అమ్మా అంటాను. ఆమె ఏడుస్తూ ఉంది. "మీ సార్‌కు గుండె నొప్పి వచ్చినాది. ఎవరికీ చెప్పొద్దన్నాడు. వాయిదా అంటే ముందురోజు నుంచీ కూడు ముట్టడు. మీ సంతకాలు, మీటింగులు నాకొద్దు. ఫిర్యాదిచ్చినాయన మీ అన్నే కదమ్మా. ఎట్లన్నా చేసి ఈ కేసు లేకుండా చెయ్యి" అంది. నేను చేస్తానన్నాను. ఎలా చేస్తానో తెలియకుండానే అన్నాను.

మా ఇళ్ళలో ఏ తగాదా వచ్చినా కోర్టు దాకా పోనివ్వరు. అన్నదమ్ముల పంపకం కానీ, భాగస్తుల గొడవ కానీ, పెద్దలు ఇద్దరినీ కూర్చోబెడతారు, తప్పు చేసినవాడు గుడిలో అర్చన చేయించుకుంటాడు, ప్రసాదం అవతలివాడి ఇంటికి పంపుతారు. అవతలివాడు కళ్ళకద్దుకున్నాడంటే తగాదా ముగిసినట్టే. మళ్ళీ ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. నేను పుట్టి పెరిగింది ఈ పద్ధతిలో. లోకమంతా ఇలాగే నడుస్తుందని నా గట్టి నమ్మకం. అన్న దగ్గరికి పోయి అడిగితే ఆయన కూడా అదే అన్నాడు.

"నాకు మాత్రం ఆ ముసలాయన మీద పగ ఏముండాది? నీకు చదువు చెప్పిన సార్. ఏ గుడిలోనన్నా సరే, ఆయన పేరు మీద ఒక అర్చన చేయించి ప్రసాదం మా అమ్మకు పంపమను. కేసు నేను వద్దనుకుంటా."

ఈ మాట సార్‌కు చెబితే ఏమంటారో నాకు తెలుసు. తెలుసు కాబట్టే చెప్పలేదు. తెలిసి చేసిన తప్పుకు తెలియక చేశానని పేరు పెట్టుకునే ఓపిక నాకు లేదు.

మరుసటి శుక్రవారం హిందూపురంలో మా వీధి చివరి గుడికి పోయాను. అర్చన చీటీ రాసే ఆయన పేరు అడిగాడు. సార్ పేరు చెప్పాను. గోత్రం అడిగాడు. నాకు తెలియదు. నలభై ఏళ్ళలో ఎన్నడూ ఆయన గోత్రంతో నాకు పనిపడలేదు. వెనక మనుషులు తోసుకుంటున్నారు. "గోత్రమేమ్మా?" అని ఆయన మళ్ళీ అడిగేసరికి మా పుట్టింటి గోత్రం చెప్పేశాను. పూజారి గర్భగుడిలో ఆ గోత్రం, సార్ పేరు కలిపి చదువుతుంటే నేను చేతులు జోడించి నిలబడ్డాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన నాకు తోడబుట్టినట్టు అనిపించింది. స్వామీ, ఈ మనిషి నిన్ను తలచడు, ఆయన తరఫున నేను తలుస్తున్నాను, కాపాడు అని మొక్కాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు చాలా తృప్తిగా ఉండింది.

చీటీ, కుంకుమ, పూలు, ఒక టెంకాయ చిప్ప పట్టుకుని పెనుకొండ బస్సెక్కాను. పెద్దమ్మ ప్రసాదం కళ్ళకద్దుకుంది. "పాపం, పెద్దాయన. నోరు జారినాడు, పోనీలే" అంది. అన్న చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేందమ్మా, మన గోత్రం ఉండాది?" అన్నాడు. రాసేవాడు పొరపాటుపడి ఉంటాడన్నాను. రెండో అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకు తెలియదు. అన్న నవ్వేసి ఊరుకున్నాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆ చీటీ ఫోటో నా ఫోన్‌కే వచ్చింది. అన్న కొడుకు దాన్ని వాట్సాప్‌లో పెట్టాడు. దేవుడు లేడన్న రచయిత దేవుడి ముందు తలవంచాడని కింద రాశాడు. రాత్రికి అది మూడు ఊళ్ళూ తిరిగింది. నోటుబుక్కులో సంతకాలు పెట్టినవాళ్ళు ఒక్కొక్కరే ఫోన్ చెయ్యడం మొదలుపెట్టారు. "ఆయనే పోయి అర్చన చేయించుకున్నాడంట కదమ్మా. ఇంక మేము సంతకం పెట్టి ఎవరి కోసం నిలబడాల? మా పేర్లు కొట్టెయ్" అన్నారు. ఎర్రరంగు చేతుల మగ్గం ఆయన కూడా చేశాడు. ఆయన కొట్టెయ్యమనలేదు. "నిజమేనా అమ్మా?" అని మాత్రం అడిగాడు. నేను ఫోన్ పెట్టేశాను.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ లాయరు కొట్టాడు. "ఇది మీ పాలివాళ్ళ తగాదా అనుకున్నారా అమ్మా? ఫిర్యాదు ఇచ్చినాయన వద్దంటే పోయే కేసు కాదిది. ఇది ప్రభుత్వం నడిపే కేసు. ఆయనిప్పుడు సాక్షి, అంతే. నన్నొక మాట అడిగుంటే చెప్పేవాణ్ణి కదా" అన్నాడు. అన్నకూ తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరం కలిసి ఒక టెంకాయ చిప్పతో ప్రభుత్వంతో రాజీ కుదిర్చాం. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రావాలి. రాదు.

తర్వాతి వాయిదాకు సార్ మామూలుగానే వచ్చారు. అదే అరుగు మీద కూర్చున్నారు. నేను పక్కన కూర్చోలేక నిలబడ్డాను. ఆయన ఫోన్ తీసి ఆ ఫోటో చూపించారు.

"ఈ గోత్రం ఎవరిది?"

"మా నాయనది సార్."

 ఫోన్ జేబులో పెట్టుకుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను రాసింది తప్పని నువ్వూ అనుకుంటాండావా?" అని అడిగారు.

"లేదు సార్. ఒట్టు."

"మరి నా తరఫున మాట్లాడతానంటే సరే అన్నా. నా బదులు మాట్లాడమన్నానా?"

నేను ఏడ్చాను. అమ్మ ఫోన్ చేసిన సంగతి చెప్పలేదు. అదొక్కటే ఆ రోజు నేను చేసిన మంచి పని. ఆయన నన్ను ఊరుకోమనలేదు, తిట్టలేదు. లోపల పేరు పిలిచారు. "ఉండానప్పా!" అని లేచి పోయారు.

ఆ వారమే ఆయన ఒక పేజీ రాసి పత్రికకు పంపారు. ఆ అర్చన నేను చేయించింది కాదు, నా రాతకు నేను కట్టుబడి ఉన్నాను, దాన్ని ఎవరో అభిమానం కొద్దీ చేశారు, వాళ్ళను ఎవరూ ఏమీ అనొద్దు, ఇంతే. నా ఊసు లేదు. నా మీద ఒక్క పుల్లవిరుపు మాట లేదు. ఊరంతా నన్ను తిట్టి ఉంటే కాస్త తేలిక పడేదాన్ని. ఆ పేజీని పట్టుకుని అన్న మా ఇంటికొచ్చాడు. "దేవుడి పేరు చెప్పి మా అమ్మ చేత అబద్ధపు ప్రసాదం తినిపించినావు" అని, కాఫీ ముట్టకుండా పోయాడు. ఆయనన్నదీ నిజమే. దేవుణ్ణి నమ్మేవాళ్ళకూ, నమ్మని ఆయనకూ, ఇద్దరికీ ఒకే శుక్రవారం అన్యాయం చేసినదాన్ని నేనొక్కదాన్నే ఉంటాను.

సార్ నాతో మాట్లాడటం మానలేదు. మానేసినా బాగుండేది. వాయిదాకు వస్తే "బాగుండావామ్మా? ఇంట్లో అందరూ బాగుండారా?" అని అడిగేవారు. ఎంతో మర్యాదగా. అంగడికి ఒక్కసారి వచ్చి నోటుబుక్కు ఒకటే కొన్నారు. షట్టర్ దగ్గర నిలబడి, నేను సాంబ్రాణి వేస్తున్నంతసేపూ ఏమీ అనకుండా చూశారు. హాజరు దొంగ అని పిలుస్తారేమోనని చెవులు రిక్కించి ఉన్నాను. "వస్తానమ్మా" అని వెళ్ళిపోయారు. ఆ రోజు మధ్యాహ్నం అంగడి మూసి లోపల కూర్చుని ఏడ్చాను. ఆ తిట్టు మీద నాకెంత ఆశ ఉందో అప్పటిదాకా నాకే తెలియదు.

సంతకాల కోసం మళ్ళీ తిరిగాను. ఈసారి ముందే చెప్పేదాన్ని, ఆ అర్చన చేయించింది నేనే, ఆయన కాదు అని. కొందరు నవ్వారు. కొందరు మొహం మీదే, నీ మాట ఎలా నమ్మాలన్నారు. మగ్గం ఆయన మాత్రం మొదటి పుస్తకంలో తన పేరు మీద ఉన్న ఎర్ర మరక చూపించి, "నేను కొట్టేయమన్లేదు కదమ్మా, అట్లే ఉండనీ" అన్నాడు. టెంకాయలామె మళ్ళీ వేలిముద్ర వేసింది. మూడో పుస్తకంలో సగం కూడా నిండలేదు.

ఆ సగం పుస్తకం అలా ఉండగానే ధర్మవరం నుంచి కబురొచ్చింది. పొద్దున కుర్చీలో కూర్చుని రాసుకుంటూ ఉండగా ప్రాణం పోయిందట. నేను పోయేసరికి వాకిట్లో మనుషులున్నారు. ఏ మంత్రమూ చదవొద్దని రాసిపెట్టి పోయారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "నేను నీకు ఫోన్ చేసిన సంగతి ఆయనకు చెప్పినావా?" అని గుసగుసగా అడిగింది. లేదన్నాను. "నేను చెప్పినా. నిన్న మాపున. విన్నాడు. నీ నోటుబుక్కు తీసి రాసుకుంటా కూర్చున్నాడు" అంది. నాకోసం ఏమన్నా రాశారేమోనని ఆ పుస్తకం తెరిచి చూశాను. శనక్కాయ రైతుల మీద వ్యాసం. సగంలో ఉంది. నా గురించి ఏమీ లేదు. ఉంటుందని ఆశపడినందుకు నామీద నాకే అసహ్యమేసింది.

తర్వాతి వాయిదాకు మరణ ధ్రువీకరణ పత్రం లాయరుకిచ్చి, ఆయన వద్దంటున్నా పెనుకొండ పోయాను. ముద్దాయి చనిపోతే కేసు కూడా పోతుందని లాయరు చెప్పాడు. అయినా కాగితం జడ్జిగారి బల్ల మీదికి చేరేదాకా పేరు పిలుస్తూనే ఉంటారట. అరుగు మీద ఆయన కూర్చునే చోటు వదిలి ఈ పక్కన కూర్చున్నాను. వసారాకు అవతలి చివర అన్న నిలబడి ఉన్నాడు. సాక్షిగా పిలిపించారేమో. నా వైపు చూశాడు, దగ్గరికి రాలేదు.

బంట్రోతు గుమ్మంలోకి వచ్చి సార్ పేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచాడు. పలకాలని నా నాలుక చివరిదాకా వచ్చింది, తొమ్మిదో తరగతిలో వచ్చినట్టే. పళ్ళు బిగించి, చీర కొంగు గుప్పిట్లో నలుపుకుంటూ కూర్చున్నాను. మూడోసారి పిలిచి, ఎప్పుడూ ఆయనతో వచ్చేదాన్ని కాబట్టి నన్ను గుర్తుపట్టి, "ఏమ్మా, మీ సార్ వచ్చినాడా?" అని అడిగాడు.

"రాలేదప్పా" అన్నాను.